టన్నులు వేరు, రూపాయలు వేరు

ఎర్రగుంట్ల చుట్టుపక్కల ఉన్న సిమెంటు ఫ్యాక్టరీల్లో ఒకదానిలో బొగ్గు లెక్కలు రాసే ఉద్యోగం నాది. ఏ రేకు, అంటే బొగ్గు గూడ్సు రైలు, ఎప్పుడొచ్చింది, ఎన్ని టన్నులు దిగింది, ల్యాబులో ఎంత వేడి తేలింది, కిల్ను బట్టీలో ఎంత కాలింది, చివరికి పొడి చేస్తే సిమెంటయ్యే క్లింకరు టన్ను మీద ఎంత పడింది, ఇదే నా పని. రిటైరయ్యాక కూడా ఆ లెక్క నన్ను వదల్లేదు. పేపర్లో సింగరేణి బొగ్గు గనుల వార్త వస్తే ముందు అదే చదువుతాను. ముద్దనూరు థర్మల్‌లో కొత్తగా చేరిన మా బంధువుల పిల్లలు, బేతంచెర్లలో నాపబండల పాలిష్ ఫ్యాక్టరీ నడిపే మా అల్లుడు కనిపించినప్పుడల్లా ఒకటే అడుగుతారు: "మామా, సింగరేణి ఏడాదికేడాది ఎక్కువ తవ్వుతోంది, లాభాలు వేల కోట్లంటున్నారు. మరి మనకు కరెంటు ఎందుకు చవక కాలేదు?" వాళ్లకు ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

1. మన నేలలో బొగ్గు లేదన్న సంగతి నుంచి లెక్క మొదలుపెట్టండి

ఉమ్మడి కడప, కర్నూలు జిల్లాల్లో సున్నపురాయి ఉంది, నాపరాయి ఉంది, మంగంపేటలో ముగ్గురాయి ఉంది. బొగ్గు మాత్రం లేదు, ఎంత లోతుకు తవ్వినా ఉండదు. బొగ్గు పుట్టాలంటే ఒకప్పుడు అడవులుండి, అవి బురదలో పూడిపోయి ఉండాలి. మన కడప రాళ్లు పుట్టేనాటికి భూమ్మీద చెట్టన్నదే లేదు, అంత పాత రాళ్లివి. తెలుగు నేలలో బొగ్గంతా గోదావరి లోయలోనే ఉంది. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర దాన్ని గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వే హక్కు తీసుకుంది, 1889లో తవ్వకం మొదలైంది. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది.

అక్కడి బొగ్గు మన దగ్గరికి రావాలంటే రైలెక్కి వందల కిలోమీటర్లు రావాలి. గనిలో ధర ఎంతైనా సరే, మన యార్డులో దిగేసరికి దాని మీద రైలు ఛార్జీ, పన్నులు, దింపుడు ఖర్చు, వ్యాగన్లు ఆలస్యమైతే డెమరేజీ, దారిలో తరుగు ఎక్కుతాయి. గనికి ఆనుకుని ఉన్న రామగుండం కరెంటుతో ముద్దనూరు కరెంటు ధరలో పోటీ పడలేకపోవడానికి మొదటి కారణం ఇదే. ఇక్కడి ఇంజనీర్ల చేతకానితనం కాదు. ఈ మాట గట్టిగా ఎందుకంటున్నానంటే, ముద్దనూరు ప్లాంటు మీద నిందలేసేవాళ్లలో చాలామంది ఆ దూరాన్ని లెక్కలోకే తీసుకోరు.

నందలూరును చూడండి. మద్రాసు–బొంబాయి లైనులో ఆవిరి ఇంజన్లకు పెద్ద లోకో షెడ్డు అక్కడుండేది. బొగ్గు, నీళ్లు, మనుషులతో ఊరు కళకళలాడేది. ఆవిరి ఇంజన్లు పోయాయి, షెడ్డు మూతపడింది, ఊరి బతుకు మారిపోయింది. బొగ్గు పుట్టని చోట బొగ్గు మీద బతికే ఊళ్ల పరిస్థితి ఎంత తొందరగా మారుతుందో మన జిల్లా అప్పుడే చూసింది.

2. బొగ్గును టన్నుల్లో కొంటాం, వేడిలో వాడతాం

నేను నేర్చిన అన్నిటిలోకీ గట్టి పాఠం ఇది. కిల్నుకైనా బాయిలరుకైనా కావలసింది వేడి. మన దేశపు బొగ్గులో బూడిద నూటికి ముప్పై, నలభై పాళ్లు ఉంటుంది. అంటే నాలుగు వేల టన్నుల రేకు వచ్చిందంటే అందులో పన్నెండొందల టన్నుల పైచిలుకు మట్టీ రాయే. దానికీ రైలు ఛార్జీ అంతే. రైల్వే బరువు చూస్తుంది గానీ వేడి చూడదు కదా.

లెక్క కోసం అనుకుందాం. ఒక బొగ్గు మన యార్డులో టన్ను 5,000 రూపాయలకు పడింది, వేడి కిలోకు 4,000 కిలోకేలరీలు. ఇంకొకటి 4,500కే పడింది, వేడి 3,400. రెండోది ఐదొందలు చవకని ఎవరైనా అంటారు. వెయ్యి కిలోకేలరీలకు లెక్క తీస్తే మొదటిది రూపాయి పావలా, రెండోది రూపాయి ముప్పైరెండు పైసలు. చవకదనుకున్నదే ప్రియం. దాని మీద మిల్లు అరుగుదల, బూడిద ఎత్తిపోత, ఒక్కోసారి కిల్ను ఇబ్బంది పెట్టడం అదనం.

2012 జనవరి నుంచి దేశంలో బొగ్గు గ్రేడుల పద్ధతి మారింది. పాత ఏ, బీ, సీ అక్షరాలు పోయి, మొత్తం వేడిని బట్టి జీ1 నుంచి జీ17 దాకా పదిహేడు గ్రేడులు వచ్చాయి. ఒక్కో మెట్టుకు 300 కిలోకేలరీల తేడా. గని దగ్గర ఒక గ్రేడని బిల్లు వేస్తారు, ఇక్కడ ల్యాబులో ఒకటో రెండో మెట్లు కింద తేలుతుంది. ఆ తేడా మీద తగాదాలు ఈ రంగంలో మామూలే. అందుకే తర్వాత మూడో పక్షంతో శాంపిలు తీయించే ఏర్పాటు వచ్చింది. శాంపిలు తీసే కుర్రాడు ఎండకు ఓర్వలేక వ్యాగను పైపైన రెండు పారలు తీసి సంచిలో పోస్తే, ఆ రెండు పారల మీద కోట్ల లెక్క మారిపోతుంది. కాబట్టి ఆ పని చేసే మనిషికి నీడ, నీళ్లు, సమయం ఇవ్వండి. ఇది దయ కోసం చెబుతున్న మాట కాదు, లెక్క కోసం చెబుతున్నది.

ఇంకొకటి మన ఎండ. ఏప్రిల్, మే నెలల్లో గుట్టపోసిన బొగ్గు లోపల్నుంచి తనంతట తాను వేడెక్కుతుంది. ముందు ఆవిరి లేస్తుంది, తర్వాత వాసన, తర్వాత పొగ. డోజరుతో తొక్కించి గాలి చొరకుండా చేయాలి, పాత గుట్ట ముందు వాడాలి, నీళ్లు చల్లాలి. తాగునీటికే కష్టపడే ప్రాంతంలో బొగ్గు మీద నీళ్లు చల్లడం నాకు ఎప్పుడూ మనసు కలుక్కుమనిపించేది. అలా యార్డులోనే కాలిపోయిన వేడికి బిల్లు ఉంటుంది, కరెంటు ఉండదు, సిమెంటు ఉండదు.

3. ఉత్పత్తి కొంచెం తగ్గితే లాభం చాలా పోతుంది

2019–20లో సింగరేణి 6 కోట్ల 40 లక్షల టన్నులు తవ్వింది, లాభం 993 కోట్లు. మరుసటి ఏడాది కోవిడ్ వచ్చింది. కరెంటు వాడకం తగ్గి, థర్మల్ ప్లాంట్లు బొగ్గు ఎత్తక, ఉత్పత్తి 5 కోట్ల టన్నుల చిల్లరకు పడింది. ఐదో వంతు తగ్గిందన్నమాట. లాభం 272 కోట్లకు దిగింది. నాలుగింట మూడొంతులకు దగ్గరగా పోయింది!

ఎందుకంటే గనిలో ఖర్చు చాలామటుకు బొగ్గు తీసినా తీయకున్నా కదలదు. జీతాలు, యంత్రాల అరుగుదల, పంపులు, గాలి ఫ్యాన్లు, వడ్డీలు. బోరుకు అప్పు తెచ్చిన రైతుకు నీళ్లు పడినా పడకున్నా వడ్డీ నడిచినట్టే. టన్నులు పెరిగినప్పుడు కూడా ఇదే తిరగబడుతుంది: ఆ కదలని ఖర్చు దాటాక తీసిన ప్రతి టన్నూ లాభానికి బాగా కలుస్తుంది. 2022–23లో 6 కోట్ల 71 లక్షల టన్నులకు లాభం 2,222 కోట్లయింది. 2019–20 కంటే టన్నులు పెరిగింది నూటికి ఐదు కూడా కాదు, లాభం మాత్రం రెట్టింపు దాటింది. అందులో ధరల పాలు కూడా పెద్దదే, ఆ సంగతి ఆరో పాఠంలో.

4. గని బాగుపడిందంటే ఎవరి వల్ల, ఎవరు తగ్గిపోవడం వల్ల అన్నది కూడా అడగండి

ఇప్పటి పిల్లలకు సింగరేణి అంటే లాభాల కంపెనీ. మా ఉద్యోగాల తొలినాళ్లలో అది మునిగిపోయే కంపెనీ. 1990ల మొదట్లో ఏడాదికి వందల సమ్మెలు. ఒక గనిలో దీపాల గది దగ్గర గొడవైతే షిఫ్టు ఆగేది, పక్క గనిలో ఇంకో సంఘం ఇంకో కారణంతో ఆపేది. అప్పు తెచ్చి కొన్న ఖరీదైన యంత్రాలు ఆగి ఉండేవి. నష్టాలు పేరుకుని వెయ్యి కోట్లు దాటాయి. 1990లలో రెండుసార్లు ఖాయిలా పరిశ్రమల బోర్డు బీఐఎఫ్ఆర్ ముందు నిలబడింది. ఆ రోజుల్లో మాకు రేకు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేకపోయేవారు. గుట్ట కరిగిపోతుంటే కిల్ను ఆపాలా, మిల్లు తగ్గించాలా అని రాత్రి పొద్దుపోయేదాకా కూర్చునేవాళ్లం. ఒకసారి ఆపిన కిల్నును మళ్లీ వేడెక్కించాలంటే ఎంత బొగ్గు ఖర్చవుతుందో తెలిసినవాళ్లకే ఆ బాధ తెలుస్తుంది.

దాన్ని నిలబెట్టినవి మూడు నాలుగు పనులు. కేంద్రం, రాష్ట్రం కలిసి అప్పుల భారం సర్దుబాటు చేశాయి. 1998లో మొదటిసారి కార్మిక సంఘాల గుర్తింపు ఎన్నికలు జరిగాయి. మాట్లాడడానికి ఒక సంఘం తేలింది, సమ్మెలు తగ్గాయి. తర్వాత లాభాల్లో కార్మికులకు వాటా ఇవ్వడం మొదలైంది. మొదట నూటికి పది, ఏళ్లు గడిచే కొద్దీ పెరుగుతూ 2023–24కు 33, 2024–25కు 34 అయింది. 2024–25 లాభాల నుంచి పంచింది 819 కోట్లు. కార్మికుడు తీసిన బొగ్గులో కార్మికుడికి భాగం ఉండడం నాకు ఎంతో నచ్చిన సంగతి. ఇటు సిమెంటులో మేం పనిచేసినన్నాళ్లూ అలాంటి మాట కూడా వినలేదు.

కానీ అన్నిటికన్నా పెద్ద మార్పు ఓపెన్‌కాస్టు, అంటే పైనుంచి మట్టి తీసి బొగ్గు తవ్వడం. 1970ల నడుమ సింగరేణిలో ఆ తవ్వకం మొదలైంది. ఇప్పుడు ఉత్పత్తిలో చాలా భాగం అక్కడినుంచే వస్తోంది. 1990 ప్రాంతంలో లక్ష మందికి పైగా పనిచేసి రెండు కోట్ల టన్నుల లోపు తీసేవారు. 2023–24లో నలభై వేల చిల్లర పర్మినెంటు కార్మికులతో ఏడు కోట్ల టన్నులు దాటింది. ఈ అంకె చూపించి 'ఎంత సామర్థ్యం' అంటారు. నిజమే. దాని పక్కనే ఇంకో రెండు అంకెలు రాసుకోవాలి. ఒకటి, లెక్కలో కనిపించని వేల మంది కాంట్రాక్టు కార్మికులు. మట్టి తీసే పని ఎక్కువగా వాళ్లదే, వాళ్లకు ఆ వాటా అదే కొలతలో అందదు. రెండోది, టన్ను బొగ్గు కోసం సుమారు ఆరు ఘనపు మీటర్ల మట్టి తీయాలి. గని లోతెక్కే కొద్దీ ఆ మట్టి పెరుగుతుంది, దాంతోపాటే డీజిలు ఖర్చూ. ఓపెన్‌కాస్టు ఎప్పటికీ చవకగానే ఉంటుందనుకోవద్దు.

భూగర్భ గనుల సంగతి ఇంకో రకం. అక్కడ టన్నుకయ్యే ఖర్చు అమ్మే ధరకు రెట్టింపు దాటుతోంది. ఓపెన్‌కాస్టు లాభంతో ఆ నష్టం పూడుస్తున్నారు. లెక్కలు మాత్రమే చూసేవాడు మూసేయమంటాడు. నేనూ లెక్కల మనిషినే, అయినా అలా అనను. భూగర్భ గని కింద నడుస్తుంటే పంట భూములు, ఊళ్లు పైన ఉంటాయి. ఓపెన్‌కాస్టు అయితే ఊరే లేచిపోవాలి. ఊరు పోయిన ఖర్చు ఏ కంపెనీ లెక్కలోనూ ఉండదు.

5. ఆగి ఉన్న ప్లాంటు కూడా డబ్బు తింటుంది

ముద్దనూరు దగ్గర కలమళ్లలోని రాయలసీమ థర్మల్‌లో 1994, 1995లలో 210 మెగావాట్ల యూనిట్లు రెండు వచ్చాయి. 2007–2011 మధ్య అంతే సైజువి ఇంకో మూడు, 2018లో 600 మెగావాట్లది ఒకటి. మొత్తం 1,650. మైలవరం నీళ్లు, గోదావరి లోయ బొగ్గు. అన్నీ పూర్తిగా నడిస్తే రోజుకు సుమారు పాతికవేల టన్నుల బొగ్గు కావాలి, అంటే ఆరేడు రేకులు. మొదటి యూనిట్లు వచ్చిన రోజుల్లో సీమకు అది ఎంత గర్వమో చెప్పలేను. కరువు జిల్లాలో చిమ్నీలోంచి పొగ కనిపిస్తే ఉద్యోగమని అర్థం.

ఆ తర్వాత ఎండకే విలువ వచ్చింది. ఓర్వకల్లు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017 నాటికి నడిచింది. దాని కోసం 2015 నవంబరులో వేలం వేస్తే యూనిట్ 4 రూపాయల 63 పైసలకు వచ్చింది. అప్పటికి దేశంలోనే అంత తక్కువ ధర లేదు. 2017 ఏప్రిల్లో మన మైలవరం సోలార్‌కు 3 రూపాయల 15 పైసలకే వచ్చింది. థర్మల్‌కు నీళ్లిచ్చే మైలవరంలోనే ఇలా జరిగింది.

కరెంటు కొనేవాళ్లు చవకది ముందు, ప్రియమైనది తర్వాత తీసుకుంటారు, దీన్నే మెరిట్ ఆర్డరంటారు. దూరపు బొగ్గుతో నడిచే ముద్దనూరు ఆ వరుసలో వెనక్కి పడింది. యూనిట్లు తగ్గించి నడపడం, ఒక్కోసారి కొన్నిటిని పూర్తిగా ఆపడం చూశాం. ఆపినా స్థిర ఖర్చు ఆగదు. నూటికి ఎనభై పాళ్లు నడిచినప్పుడు యూనిట్‌కు రూపాయిన్నర పడే స్థిర ఖర్చు, నలభై పాళ్లే నడిస్తే మూడు రూపాయలవుతుంది. బొగ్గు ధర పైసా పెరగకపోయినా బొగ్గు కరెంటు ప్రియమవుతుంది. పైగా పగలు తగ్గించి, పొద్దుగూకాక పెంచుతూ నడిపితే బాయిలరు ట్యూబులు వేడికీ చల్లదనానికీ అలసిపోతాయి, రిపేర్లు పెరుగుతాయి, కిలో బొగ్గుకు వచ్చే కరెంటూ తగ్గుతుంది.

అలాగని థర్మల్ అక్కర్లేదనే మాట నేను ఒప్పుకోను. రాత్రి ఏడింటికి సోలార్ ఉండదు. కర్నూలు వైపు పిన్నాపురం దగ్గర నీళ్లు పైకి తోడి ఉంచి అవసరమైనప్పుడు కరెంటు తీసే పంప్డ్ స్టోరేజీ చేపట్టింది ఆ చీకటి గంటల కోసమే. అలాంటివి సరిపడా వచ్చేవరకు ఆ గంటలకు ముద్దనూరు కావాలి. ఆ పూచీకి ధర కట్టి ఇవ్వాలి గానీ, పగటి సోలార్ ధరతో పోల్చి ప్లాంటును తిట్టకూడదు.

6. బొగ్గు మంట ఈ ఏడు మండితే బిల్లు రెండేళ్లకు వస్తుంది

2021 చివర్లో దేశమంతా ప్లాంట్ల దగ్గర గుట్టలు కరిగిపోయాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో విదేశీ బొగ్గు టన్ను నాలుగొందల డాలర్లు దాటింది. ఆ ఏప్రిల్లో మన రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే పెట్టారు. బేతంచెర్ల, జమ్మలమడుగు వైపు నాపబండల పాలిష్ మిషన్లు ఆగాయి. బండలు కోసే కూలీకి ఉక్రెయిన్ ఎక్కడుందో తెలియదు, వారం కూలి మాత్రం తగ్గింది. మే నెలలో దేశీయ బొగ్గులో నూటికి పది పాళ్లు విదేశీ బొగ్గు కలపమని కేంద్రం చెప్పింది, ఆగస్టుకు సడలించింది. పది పాళ్లే అయినా ధర అంత తేడా ఉంటే మొత్తం ఖర్చును అదే లాగుతుంది.

గనుల కంపెనీలకు అది మంచి ఏడాది, అందుకే ఆ 2,222 కోట్లు. కొన్నవాళ్ల సంగతి? 2022–23లో అదనంగా అయిన కరెంటు కొనుగోలు ఖర్చు కింద 6,072 కోట్లు వసూలుకు అనుమతి వచ్చింది. 2024 డిసెంబరు నుంచి బిల్లుల్లో పడింది. అందరూ ఆ నెల కరెంటు పెరిగిందనుకున్నారు. పెరిగింది ఆ నెల కాదు, రెండేళ్ల కిందట. మా అల్లుడు బిల్లు తెచ్చి చూపిస్తే ఆ వరుస మీద వేలుపెట్టి ఇదే చెప్పాను. బండలు అప్పటి ధరకే అమ్ముకున్నవాడు ఇప్పుడు ఎవర్ని అడగాలి? చిన్న పరిశ్రమలకు ఈ ఆలస్యపు వసూలు చేసే నష్టం గురించి ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు, అది నా కోపం.

7. బూడిదకు ధర వచ్చింది

ఒకప్పుడు చెరువుల్లో కలిపి వదిలించుకున్న బూడిద ఇప్పుడు సిమెంటుకు సరుకు. పోజోలానా సిమెంటులో నూటికి 35 పాళ్ల దాకా కలపవచ్చు. ఆ మేరకు క్లింకరు తగ్గుతుంది, అంటే కిల్నులో బొగ్గు కూడా తగ్గుతుంది. థర్మల్, సిమెంటు పక్కపక్కన ఉండడం వల్ల మన జిల్లాకు దక్కిన మేలు ఇది. థర్మల్ ఆగితే బూడిదా ఆగుతుంది. సిమెంటువాళ్లు అప్పుడుగానీ దాని విలువ గుర్తించరు.

8. పన్ను మారితే ఎవరికి మారిందో ఇద్దరి లెక్కా వేయండి

2010లో టన్నుకు 50 రూపాయలతో మొదలైన బొగ్గు సెస్సు 2016కు 400 అయింది. మంచి బొగ్గుకూ అదే 400, బూడిద బొగ్గుకూ అదే 400. 2025 సెప్టెంబరు 22న సెస్సు తీసేసి, జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. పేపర్లు బొగ్గు చవక అన్నాయి.

టన్ను 1,500 రూపాయల బొగ్గు తీసుకోండి. పాత పన్ను 75, సెస్సు 400, మొత్తం 475. కొత్తది 270. తగ్గింది. అదే 3,500 రూపాయల బొగ్గుకు పాతది 575, కొత్తది 630. పెరిగింది. రెండూ సమానమయ్యేది 3,077 రూపాయల దగ్గర. ఒడిశా వైపు చవక గ్రేడులు కొనేవాళ్లకు మేలు ఎక్కువ. సింగరేణి ధరలు వాటికన్నా ఎక్కువ కాబట్టి దాని మీద ఆధారపడినవాళ్లకు మేలు తక్కువ, పై గ్రేడులైతే భారమే.

ఇంతటితో లెక్క కాలేదు. సిమెంటు అమ్మకానికి జీఎస్టీ ఉంది, కాబట్టి ఫ్యాక్టరీ బొగ్గు మీద కట్టిన 18 శాతాన్ని తిరిగి సర్దుకోగలదు. పాత 400 సెస్సు మాత్రం సర్దుకునే దారి లేక ఖర్చులోనే మిగిలేది. అంటే సిమెంటు ఫ్యాక్టరీకి ఏ గ్రేడైనా టన్నుకు 400 మిగిలినట్టే. కరెంటు జీఎస్టీలో లేదు. థర్మల్ కట్టిన పన్నంతా ఖర్చులో కలిసి యూనిట్ ధరలోకి వస్తుంది. ఎర్రగుంట్లలో ఒకే రైలు లైను మీద, ఒకే గని నుంచి వచ్చిన ఒకే గ్రేడు బొగ్గు, ఒక గేటులోకి వెళితే చవక, కొద్ది కిలోమీటర్ల అవతల ఇంకో గేటులోకి వెళితే ప్రియం కావచ్చు. థర్మల్‌లో చేరిన పిల్లలు తమ గ్రేడు బిల్లు తీసుకొచ్చి నా దగ్గర కూర్చుంటే, యూనిట్‌కు ఎన్ని పైసలు తేడా పడిందో ఇద్దరం కలిసి వేసి చూద్దాం.